డిశ్చార్జయిన మూడో రోజే మళ్లీ క్యాజువాల్టీకి ఎందుకు రావాల్సి వచ్చింది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మగారికి 62 ఏళ్లు. గుండె బలహీనపడి, కాళ్ల వాపు, ఆయాసంతో జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రిలో ఆరు రోజులున్నారు. శనివారం సాయంత్రం ఇంటికి పంపారు. సోమవారం రాత్రి ఆయాసం మళ్లీ ఎక్కువైతే 108లో అక్కడికే తీసుకెళ్లారు. ఏడు గంటలు స్ట్రెచర్ మీదే ఉంచారు, మంగళవారం తెల్లారాక గానీ పైన వార్డులో మంచం దొరకలేదు. తొందరపడి పంపేశారా, వేరే ఆసుపత్రికి వెళ్లాల్సిందా, ఎమర్జెన్సీ అని తెలిసి కూడా మంచం ఎందుకివ్వలేదు అని అడిగారు.

నేను ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి క్యాజువాల్టీలో 19 ఏళ్లు డ్యూటీ డాక్టరుగా పనిచేశాను. అమ్మగారి కేస్ షీటు చూడలేదు కాబట్టి అక్కడివాళ్లు తప్పు చేశారనీ చెప్పలేను, చేయలేదనీ చెప్పలేను. కానీ మీ ప్రశ్నలో మధ్యలో రాసిన మూడు చిన్న విషయాలు చూస్తే ఆమె ఎందుకు తిరిగి రావాల్సి వచ్చిందో చాలావరకు అర్థమైంది. ఆ తిరిగి రావడానికీ, స్ట్రెచర్ మీద గడిచిన ఏడు గంటలకూ సంబంధం ఉంది. ఆ సంబంధం ఏమిటో చెబుదామనే ఇంత పెద్దగా రాస్తున్నాను.

ముందు ఆ మూడు విషయాలు. శనివారం ఊరికి బస్సులో వెళ్లాలి కాబట్టి దారిలో ఇబ్బంది పడతారని మూత్రం బిళ్ల వేయలేదు. ఆదివారం కూడా మాటిమాటికీ లేవలేకపోతున్నానని ఆమే మానేశారు. నోరు చప్పగా ఉందంటే పెరుగన్నంలోకి ఆవకాయ వేశారు. సోమవారం మధ్యాహ్నం బాగా నీరసంగా ఉందని ఊళ్లో ఆర్ఎంపీ గారి దగ్గర సెలైన్ బాటిల్ ఒకటి ఎక్కించారు.

గుండె రక్తాన్ని బలంగా తోయలేనప్పుడు ఒంట్లో నీరు నిలుస్తుంది. పాదాల్లో వాపుగా కనిపిస్తుంది, ఊపిరితిత్తుల్లో చేరితే ఆయాసం వస్తుంది. ఉప్పు ఆ నీటిని పట్టి ఉంచుతుంది, మూత్రం బిళ్ల బయటికి పంపుతుంది. అర లీటరు నార్మల్ సెలైన్ బాటిల్లో 4.5 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికే రోజు మొత్తానికి 5 గ్రాములలోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే అమ్మగారికి దాదాపు రోజు ఉప్పంతా గంటో రెండు గంటల్లోనో నేరుగా నరంలోకి వెళ్లింది. ఆ ఉప్పును, నీటిని బయటికి పంపాల్సిన బిళ్ల రెండు రోజులుగా లేదు. ఆ రాత్రి ఆయాసం రావడంలో ఆశ్చర్యం లేదు. ఇంకొకటి కూడా చూసుకోండి. మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో కొనే డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు కూడా ఒంట్లో నీరు నిలిచేలా చేస్తాయి. అమ్మగారి డబ్బాలో అవి ఉంటే తీసి పక్కన పెట్టి, డాక్టరుకు చూపించండి.

ఇదంతా మీ తప్పని చెప్పడం లేదు. దయచేసి అలా అనుకోవద్దు. ఆ బిళ్ల ఎందుకు వేస్తున్నారో, మానేస్తే ఏమవుతుందో మీకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? మీ చేతికిచ్చిన డిశ్చార్జ్ సమ్మరీలో మందుల పేర్లు ఇంగ్లిషులో ఉంటాయి. పక్కన 1-0-1 (పొద్దున, రాత్రి) అనో, బీడీ (రోజుకు రెండుసార్లు) అనో, హెచ్ఎస్ (పడుకునేముందు) అనో, ఎస్ఓఎస్ (అవసరమైతేనే) అనో రాసి ఉంటుంది. శనివారం సాయంత్రం అయిదు గంటలకు, ముప్పై మంది రోగుల్ని చూస్తున్న పీజీ డాక్టరు నిలబడే రెండు నిమిషాలు మాట్లాడి ఉంటాడు. మీరేమో బస్సు టైము అయిపోతుందన్న కంగారులో ఉండి ఉంటారు. ఆర్ఎంపీ గారిని కూడా నేను తప్పుపట్టను. సోమవారం మధ్యాహ్నం ఆ ఊళ్లో పిలిస్తే పలికే మనిషి ఆయనొక్కడే. ఆమెకు గుండె బలహీనంగా ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆరు రోజులు వార్డులో చేసిన వైద్యం, చివరి పది నిమిషాలు సరిగ్గా జరగక, రెండు రోజుల్లో కరిగిపోయింది.

ఇక ఆ ఏడు గంటల సంగతి. క్యాజువాల్టీ కిటకిటలాడుతుంటే, జనం జలుబుకీ దగ్గుకీ కూడా వచ్చేస్తున్నారని, అందుకే అసలైన రోగులకు చోటు లేదని చాలామంది అనుకుంటారు. పత్రికల్లోనూ అలాగే రాస్తారు. కొత్తలో నేనూ అలాగే నమ్మాను. కానీ దగ్గుతో వచ్చిన మనిషి స్ట్రెచర్ అడగడు. చీటీ రాయించుకుని, బిళ్లలు తీసుకుని వెళ్లిపోతాడు. క్యాజువాల్టీని నింపేది వేరేవాళ్లు. డాక్టరు చూసేశాడు, పరీక్షలు అయ్యాయి, అడ్మిషన్ రాశారు, అయినా పైన మంచం ఖాళీ లేక కిందే ఉండిపోయినవాళ్లు. మీ అమ్మగారికి ఆక్సిజన్ పెట్టడం, ఈసీజీ తీయడం, నీరు తీసే ఇంజెక్షన్ చేయడం మొదటి గంటలోనే అయిపోయాయని మీరే రాశారు. మిగిలిన ఆరు గంటలూ ఆమె మంచం కోసం ఎదురుచూశారు. ఆమె ఉన్న స్ట్రెచర్ కోసం బయట అంబులెన్సులో ఇంకొకరు ఎదురుచూసి ఉంటారు.

అమెరికాలో బ్రెంట్ ఆస్ప్లిన్ అనే ఎమర్జెన్సీ డాక్టరు, ఆయన సహచరులు 2003లో ఈ రద్దీని మూడు ముక్కలుగా విడదీసి చూపించారు: లోపలికి వచ్చేవాళ్లు, లోపల జరిగే పని, బయటికి పోయే దారి. అప్పటినుంచి చాలా దేశాల్లో జరిగిన పరిశీలనలు ఎక్కువగా మూడోదాన్నే వేలెత్తి చూపించాయి. తూము పూడుకుపోయిన చెరువుకు కట్ట ఎంత పెంచినా నీళ్లు పొర్లుతూనే ఉంటాయి. క్యాజువాల్టీలో ఇంకో పది స్ట్రెచర్లు వేసినా అంతే, నెల తిరిగేలోపు అవీ నిండిపోతాయి.

మంచాలు మొత్తం నిండితేనే ఇబ్బంది మొదలవుతుందని అనిపిస్తుంది కానీ అంతకంటే చాలా ముందే మొదలవుతుంది. రోగులు లెక్క ప్రకారం రారు కదా. ఒక రాత్రి ముగ్గురొస్తారు, ఇంకో రాత్రి పదిహేను మంది. 1999లో బ్రిటన్ పరిశోధకులు కంప్యూటర్ నమూనా వేసి చూశారు. సగటున 85 శాతం మంచాలు నిండిన దగ్గర్నుంచే కొరత ముప్పు కనిపిస్తుందని, 90 శాతం దాటితే తరచూ మంచాలు చాలని పరిస్థితి వస్తుందని తేల్చారు. మన పెద్దాసుపత్రుల్లో మెడికల్ వార్డులు వానాకాలంలో నూటికి నూరూ దాటిపోతాయి. ఒక్కో మంచం మీద ఇద్దరు, మంచాల మధ్య నేల మీద చాపలు. మీరు చూసే ఉంటారు.

దీనికి తోడు గంటల లెక్క ఒకటుంది, బయటివాళ్లకు తెలియదు. క్యాజువాల్టీకి రద్దీ ఉదయం పది, పదకొండు నుంచి పెరిగి రాత్రి దాకా అలాగే ఉంటుంది. పైన వార్డులో రౌండ్స్ తొమ్మిదికి మొదలవుతాయి. ఫలానా రోగిని పంపేయొచ్చని పదిన్నరకే చెప్పేస్తారు. కానీ సమ్మరీ రాయాల్సిన పీజీ రౌండ్స్ అయ్యేదాకా కదలలేడు. తర్వాత ఓపీకో, థియేటరుకో వెళ్తాడు. సమ్మరీ రాయాలి, చీఫ్ సంతకం కావాలి, ఆరోగ్యశ్రీ కేసైతే ఆ కాగితాల పని ఉంటుంది, ఫార్మసీ దగ్గర క్యూ, ఊరినుంచి ఎవరో ఆటో తీసుకుని రావాలి. సాయంత్రం నాలుగో అయిదో అవుతుంది. అంటే బాగైపోయిన మనిషి ఆరు గంటలు మంచం మీద కూర్చుని ఉంటాడు, అదే ఆరు గంటలు కింద ఇంకొకరు ఆ మంచం కోసం ఆయాసపడుతూ ఉంటారు. ఆదివారం డిశ్చార్జులు బాగా తక్కువ. ఆ భారమంతా సోమవారం మీద పడుతుంది. మీరు వెళ్లింది సోమవారం.

ఇంకో పద్ధతి కూడా ఉంది. బోధనాసుపత్రుల్లో మెడిసిన్ విభాగంలో యూనిట్లుంటాయి, ఒక్కో యూనిట్‌కి వారంలో ఒక్కో అడ్మిషన్ డే. ఆ రోజు వచ్చిన కేసులన్నీ ఆ యూనిట్ వార్డుకే వెళ్లాలి. పక్క యూనిట్లో నాలుగు మంచాలు ఖాళీగా ఉన్నా ఆ రాత్రి అవి 'మావి కావు'. ఇది మారాలని నేను మీటింగుల్లో ఎన్నోసార్లు మాట్లాడాను. రాత్రిపూట ఎవరికైనా ఏ ఖాళీ మంచమైనా ఇవ్వాలి, పొద్దున యూనిట్లు చూసుకుంటాయి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

మంచం లేదన్న మాట ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పే కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1992 జులై 8 రాత్రి పశ్చిమ బెంగాల్లో హకీమ్ షేక్ అనే వ్యవసాయ కూలీ రైల్లోంచి పడిపోయి తలకు గట్టి దెబ్బ తగిలింది. ఊరి ఆరోగ్య కేంద్రం నుంచి కలకత్తా పంపారు. అక్కడ ఒక ప్రభుత్వ ఆసుపత్రి నుంచి ఇంకో ప్రభుత్వ ఆసుపత్రికి తిప్పారు. కొన్నిచోట్ల మంచం లేదన్నారు, కొన్నిచోట్ల ఆ వైద్యం మా దగ్గర లేదన్నారు. చివరికి ప్రైవేటులో చేరి సొంత డబ్బు కట్టుకున్నాడు. 1996లో తీర్పు చెబుతూ కోర్టు, అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని చెప్పి 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. డబ్బుల్లేవన్న సాకుతో ప్రభుత్వం తప్పించుకోవడానికి వీల్లేదని కూడా చెప్పింది. ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీగా ఉందో తెలిసేలా రాష్ట్రస్థాయిలో ఒక సమాచార వ్యవస్థ ఉండాలని అప్పుడే చెప్పింది. 108 మనకు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. దాని వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో నేను కళ్లారా చూశాను. కానీ బండి ఎంత త్వరగా వచ్చినా, దించాల్సిన చోట స్ట్రెచర్ ఖాళీ లేకపోతే ఆ త్వరంతా గేటు దగ్గర ఆగిపోతుంది.

ఇప్పుడు రద్దీకీ, తిరిగి రావడానికీ ఉన్న ముడి చెబుతాను. ఇది నా సొంత అనుభవం, చెప్పడం తేలిక కాదు. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో, వేసవిలో, డెబ్బై దాటిన ఒక తాతను స్పృహ లేకుండా తీసుకొచ్చారు. షుగరు 38 ఉంది. గ్లైబెన్‌క్లమైడ్ అనే షుగరు తగ్గించే బిళ్ల వేసుకుని, ఆకలి లేదని అన్నం తినలేదట. గ్లూకోజ్ ఇంజెక్షన్ చేయగానే పావుగంటలో లేచి కూర్చుని టీ అడిగాడు. ఇంటివాళ్లు నాకు దండం పెట్టారు. అప్పటికి రాత్రి పదకొండు. వరండాలో స్ట్రెచర్లు ఆనుకుని ఉన్నాయి, ఒక రోడ్డు ప్రమాదం కేసును నేల మీద పడుకోబెట్టి చూస్తున్నాం. మళ్లీ షుగరు చూస్తే 140. 'ఇంటికి తీసుకెళ్లి బాగా తినిపించండమ్మా' అని పంపేశాను. తెల్లవారుజామున అయిదింటికి అదే తాతను అదే స్థితిలో మళ్లీ తెచ్చారు. ఆ బిళ్ల ప్రభావం రోజంతా ఉంటుంది, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువసేపు. గ్లూకోజ్ అరిగిపోగానే షుగరు మళ్లీ పడిపోతుంది. కనీసం ఒక రోజు ఉంచి గంటగంటకూ చూడాలి. ఈ సంగతి నాకు తెలుసు, పరీక్షలో కూడా రాశాను. ఆ రాత్రి నాకు కనిపించింది షుగరు అంకె కాదు, ఖాళీ అయ్యే స్ట్రెచర్. తాత బతికాడు, నాలుగు రోజులు ఐసీయూలో ఉండి వెళ్లాడు. స్ట్రెచర్ ఒక రాత్రి ఖాళీ చేశానని అనుకున్నాను, దానికి బదులు ఐసీయూ మంచం నాలుగు రోజులు నిండింది.

రద్దీ డాక్టరు చేతిని అలా తొందరపెడుతుంది. తొందరలో పంపినవాళ్లలో కొందరు తిరిగొస్తారు. వచ్చేసరికి ముందుకంటే జబ్బు ముదిరి ఉంటుంది, ఎక్కువ రోజులు మంచం కావాలి. దానివల్ల రద్దీ ఇంకా పెరుగుతుంది. అందుకే తిరిగొచ్చిన రోగిని చూసి 'మళ్లీ వచ్చారా' అని విసుక్కోవడం నాకు అసలు నచ్చదు. ఆ రోగి మన పనిలో ఎక్కడ చిల్లు పడిందో చెప్పడానికి వచ్చిన మనిషి.

మన దగ్గర పదేపదే కనిపించే చిల్లులు కొన్ని ఉన్నాయి. మీకు నేరుగా సంబంధం లేకపోయినా ఇంట్లో ఎవరికైనా పనికొస్తాయి.

ఇన్సులిన్ సంగతి మొదట చెప్పాలి. మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. ఒకటి మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. రెండోది 100 యూనిట్లది, దానికి నారింజ రంగు మూత సిరంజి. ఆసుపత్రిలో ఒకటి ఇస్తారు, బయట మెడికల్ షాపులో ఇంకొకటి ఇస్తారు. 100 బలం మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. తెల్లారేసరికి మనిషి చెమటలు పట్టి, మాట తడబడి, స్పృహ తప్పుతాడు. దీన్ని తిరగేస్తే, 40 బలం మందును నారింజ సిరంజిలో 20 గీత దాకా తీస్తే ఎనిమిది యూనిట్లే వెళ్తాయి, షుగరు నాలుగు వందలు దాటి మళ్లీ అడ్మిషన్. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే ఈ రాత్రే సీసా మీద 40 ఉందో 100 ఉందో చదివి, సిరంజి మూత రంగు చూడండి.

డెంగీలో చాలామంది జ్వరం తగ్గగానే గండం గడిచిందని ఇంటికి వెళ్లిపోతారు. నిజానికి జ్వరం మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, సరిగ్గా జ్వరం దిగే సమయంలోనే రక్తనాళాల్లోంచి నీరు కారిపోయి బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మత్తుగా ఉండటం, చేతులు కాళ్లు చల్లబడటం లాంటివి కనిపిస్తే జ్వరం లేకపోయినా పరుగెత్తుకు రావాలి. మా దగ్గరికి ఆగస్టు నుంచి నవంబరు దాకా ఇలా తిరిగొచ్చినవాళ్లే ఎక్కువ.

పల్లెల నుంచి వచ్చే పురుగుమందు కేసులది ఇంకో బాధ. మొదటి రోజు వైద్యం పనిచేసి మనిషి లేచి మాట్లాడతాడు. ఇంటివాళ్లకు డబ్బు భయం, పరువు భయం, పోలీసు కేసు భయం. డాక్టరు వద్దన్నా మా ఇష్టంతోనే వెళ్తున్నామని సంతకం పెట్టి తీసుకెళ్లిపోతారు. ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుమందులకు ఒక గుణం ఉంది. మొదటి విషలక్షణాలు తగ్గాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, తర్వాత ఊపిరి తీసే కండరాలు నీరసించిపోతాయి. తలగడ మీంచి తల ఎత్తలేకపోవడం దాని మొదటి గుర్తు. ఆ సమయానికి ఆసుపత్రిలో ఉంటే వెంటిలేటర్ మీద నిలబెట్టొచ్చు. ఊళ్లో ఉంటే వచ్చేలోపే ఆలస్యమైపోతుంది. బాగున్నాడు కదా అని ఎంత అనిపించినా ఆ నాలుగు రోజులూ కదపొద్దు. ఇలాంటి మనిషి కోలుకున్నాక మనసు డాక్టరును కూడా కలిసేలా చూడాలి, అది కూడా వైద్యంలో భాగమే.

ఒకే మందును రెండు పేర్లతో వేసుకోవడం కూడా చాలా చూశాను. ఆసుపత్రిలో ఇచ్చిన జనరిక్ బిళ్ల ఒకటి, ఇంట్లో పాత డబ్బాలో కంపెనీ పేరుతో అదే బిళ్ల ఇంకొకటి. రెండూ వేసుకుని బీపీ పడిపోయి, బాత్రూములో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుని వచ్చినవాళ్లున్నారు.

సంతకం పెట్టి వెళ్లిపోయినవాళ్ల గురించి ఒక మాట. తిరిగి రావాల్సి వస్తే తిడతారేమోనని వాళ్లు భయపడతారు, ఆ భయంతో ఇంకో పూట ఆగుతారు. అలా ఆగొద్దు. సంతకం పెట్టినంత మాత్రాన తిరిగి వచ్చే హక్కు పోదు.

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో క్యాజువాల్టీకి వచ్చిన ప్రతి రోగి సంగతీ నాలుగు గంటల్లో తేల్చాలని 2004 కల్లా నియమం తెచ్చారు. మొదట 98 శాతం మందికి అన్నారు, 2010లో 95కి తగ్గించారు. ఆసుపత్రి మొత్తం కదిలిన రోజుల్లో అది బాగా పనిచేసింది. పైన మంచాలు చాలకపోవడం మొదలయ్యాక, 2015 తర్వాత ఆ దేశం మొత్తం మీద ఆ గీతను అందుకోలేకపోయారు. అమెరికాలో 2012 అక్టోబరు నుంచి 30 రోజుల్లో తిరిగి చేరే రోగులు ఎక్కువగా ఉన్న ఆసుపత్రులకు వృద్ధుల ప్రభుత్వ బీమా చెల్లింపుల్లో కోత పెడుతున్నారు, ఇప్పుడది 3 శాతం దాకా ఉంటుంది. తిరిగి చేరేవాళ్లు తగ్గారు. కానీ 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం, గుండె వైఫల్యం, న్యుమోనియా రోగుల్లో డిశ్చార్జ్ తర్వాత మరణాలు పెరిగాయని చూపించింది. అది ఆ కోత వల్లేనా అని ఇంకా వాదన నడుస్తోంది. నా అభిప్రాయం మాత్రం స్పష్టం. తిరిగొచ్చినవాళ్ల లెక్క దాస్తే, లేదా వాళ్లు రాకుండా ఆపితే ఏమీ రాదు. వాళ్లు ఎందుకొచ్చారో కనుక్కోవాలి.

మా ఆసుపత్రిలో చివరి కొన్నేళ్లు మేం చేసింది చిన్న పనే. మూడు రోజుల్లోపు తిరిగొచ్చిన ప్రతి రోగి పేరూ ఒక రిజిస్టరులో రాసి, శనివారం అరగంట కూర్చుని చదివేవాళ్లం. ఎవరి తప్పు అనే మాట ఎత్తకూడదని ముందే అనుకున్నాం, లేకపోతే ఎవరూ నిజం చెప్పరు. ఆ రిజిస్టరు చదివాకే సిరంజి మూతల సంగతి మాకు బోధపడింది. తర్వాత ఒక సీనియర్ సిస్టరు గారిని డిశ్చార్జ్ బల్ల దగ్గర కూర్చోబెట్టాం. ఆమె ప్రతి మందు కవరు మీద తెలుగులో 'పొద్దున', 'రాత్రి' అని రాసి, చదువు రానివాళ్లకు సూర్యుడు, చంద్రుడి బొమ్మలు వేసేవారు. చివర్లో ఒకే ప్రశ్న అడిగేవారు: 'అమ్మా, ఇంటికెళ్లాక ఏ బిళ్ల ఎప్పుడు వేస్తావో నాకొకసారి చెప్పు.' అవతలివాళ్లు చెప్పలేకపోతే కోప్పడకుండా మళ్లీ మొదట్నుంచి చెప్పేవారు. ఆ బల్ల దగ్గర ఆమె గడిపిన ఒక్కో పది నిమిషాలూ కింద మాకు ఎన్ని గంటలు మిగిల్చాయో మాకే తెలుసు. ఆమె బదిలీ అయ్యాక ఆ కుర్చీలో ఎవరినీ వేయలేదు. ఆ పోస్టు కాగితం మీద లేదు. ఈ రోజుకీ నన్ను బాధపెట్టే విషయం అదే. కొత్త బ్లాకు కట్టడానికి కోట్లు వస్తాయి, ఆ ఒక్క కుర్చీకి మనిషి దొరకదు.

మీ ప్రశ్నలకు వస్తాను. ఆసుపత్రి మార్చాల్సిందా? అవసరం లేదు. రాత్రి ఆయాసంతో ఉన్న మనిషిని ఆమె రికార్డులున్న చోటికి, అన్ని గంటలూ డాక్టర్లుండే చోటికి తీసుకెళ్లారు, సరైన పని చేశారు. తొందరగా పంపారా? పంపే రోజుకు కాళ్ల వాపు పోయి, మంచం దిగి నడుస్తూ, ఆక్సిజన్ లేకుండా ఉన్నారని రాశారు. కాబట్టి రోజుల లెక్కలో తొందర నాకు కనిపించలేదు. చెప్పాల్సినవి చెప్పకుండా పంపారు, అక్కడ మాత్రం తొందర జరిగింది.

ఈసారి డిశ్చార్జ్ రోజు ఉదయం రౌండ్స్ సమయానికే మీరు మంచం దగ్గర ఉండండి. ఇంట్లో ఉన్న పాత మందుల డబ్బా మొత్తం పట్టుకెళ్లి, ఏవి ఉంచాలి, ఏవి పారేయాలి అని ఒక్కొక్కటీ చూపించి అడగండి. ప్రయాణం రోజు మూత్రం బిళ్ల ఊరు చేరాక వేసుకోవచ్చా అని అడగండి. చాలాసార్లు వేళ మార్చుకోవచ్చంటారు, మానేయడం మాత్రం వద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఏ బిళ్ల ఆపాలో కూడా ఇప్పుడే అడగండి. ఆరోగ్యశ్రీ కింద చేరి ఉంటే, ఇంటికెళ్లాక వాడాల్సిన మందులు ఎన్ని రోజులకు ఇస్తారో ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను అడగండి. రివ్యూ నెల తర్వాత రాశారంటే, వారం రెండు వారాల్లోపు ఒకసారి చూస్తారా అని గౌరవంగా అడగండి. గుండె జబ్బువాళ్లు ఎక్కువగా తిరిగొచ్చేది ఆ మొదటి రోజుల్లోనే.

ఒక బరువు మిషను కొనండి. రోజూ పొద్దున బాత్రూముకు వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి క్యాలెండరు మీద రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. ఆ రోజే పీహెచ్‌సీ డాక్టరుకు చూపించండి లేదా వార్డుకు ఫోన్ చేయండి. మామూలుగా ఒక దిండుతో పడుకునే మనిషికి రెండు మూడు కావాల్సి వస్తుంటే, రాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటుంటే కూడా అంతే. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, చల్లటి చెమటలు పట్టినా, మాట తడబడి మత్తుగా ఉన్నా ఎవరినీ అడగక్కర్లేదు, 108కి చేయండి. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు ఇంట్లో మిగతావాళ్లు కూడా ఆమె ముందు తినకుండా ఉంటే ఆమెకు సులువుగా ఉంటుంది. చప్పిడి కూరలో నిమ్మకాయ, కొత్తిమీర, మిరియాలు వేస్తే నోటికి కాస్త రుచి తగులుతుంది.

ఆర్ఎంపీ గారిని మీరే వెళ్లి కలవండి. గొడవ పడొద్దు. 'మా అమ్మకు గుండె బలహీనం, డాక్టరు చెప్పకుండా సెలైన్ ఎక్కించొద్దు' అని ఒక కాగితం మీద రాసి, వార్డు ఫోన్ నంబరు వేసి ఆయన చేతికివ్వండి. రేపు అర్ధరాత్రి అవసరమైతే ముందు తలుపు తీసేది ఆయనే.

మళ్లీ ఎప్పుడైనా క్యాజువాల్టీకి వెళ్లాల్సి వస్తే గేటు దగ్గర సిస్టరుకు చెప్పే మొదటి మాట 'గుండె పేషెంటు, మొన్న శనివారమే డిశ్చార్జయింది, ఇప్పుడు పడుకోలేకపోతోంది' అని ఉండాలి. సమ్మరీ, ఈసీజీ, ఎకో రిపోర్టు ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి తలుపు వెనక మేకుకు తగిలించండి. స్ట్రెచర్ మీద ఎంతసేపు ఉన్నా, ఆయాసం పెరుగుతోందనిపిస్తే మొహమాటం లేకుండా మళ్లీ పిలవండి. పరిస్థితి మారిందని చెబితే మళ్లీ చూస్తారు. ఊరికే 'ఇంకెంతసేపు' అని అడిగితే ఆ రద్దీలో ఎవరికీ వినపడదు.

అమ్మగారు ఇంకా వార్డులోనే ఉన్నారన్నారు కదా. పంపే రోజు బరువు ఎంతుందో సమ్మరీ మీద రాయించుకోండి. చివరి రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం ఎంతున్నాయో, మందుల పేర్లతో సహా ఇక్కడ రాయండి. ఏ బిళ్ల దేనికో తెలుగులో రాసి పెడతాను, అది ఫ్రిజ్ మీద అంటించుకోవచ్చు.